అక్టోబర్ పదకొండు పాటలు

పెనుకొండలో అంగడి నరసింహయ్య వాళ్ళమ్మ సీతమ్మ మంచం పట్టి చాలా దినాలైంది. ఆ పొద్దున డాక్టరు చేయి పట్టుకొని చూసి, సాయంత్రం దాటదు అని చెప్పి పోయినాడు. వెంటనే నరసింహయ్య హిందూపురానికి ఫోన్ చేయించి మైకు యల్లప్పను పిలిపించినాడు. మా తట్టు ఊపిరి పోయిన వెంటనే మిద్దె మీద మైకులో తత్వాలు మొదలు కావాల. అవి వింటేనే వీధికి, పక్క పల్లెలకు సంగతి తెలిసేది. యల్లప్ప మధ్యాహ్నానికే వచ్చి మిద్దె మీద మైకు కట్టి, మిషను అరుగు మీద పెట్టి, క్యాసెట్టు ఎక్కించి కూర్చున్నాడు. ఇంక లోపల ఆడోళ్ళ ఏడుపు వినపడితే బటన్ నొక్కడమే. మైకు పెట్టేవాడు లోపలికి పోయి చూసేది ఉండదు. ఏడుపే గుర్తు.

అరుగు మీద నరసింహయ్య, ధర్మవరం నుంచి వచ్చిన చుట్టం శంకరప్ప, వీధిలో వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మేము ఇరుగుపొరుగు ఆడోళ్ళం గడప లోపల ఉంటిమి. టీ గ్లాసు కింద పెట్టి యల్లప్ప మాటలు మొదలుపెట్టినాడు.

"ఈ పొద్దు తేదీ ఎంతప్పా? అక్టోబర్ పదకొండు. రేడియోలో పొద్దున్నే చెప్తారు కదా, చరిత్రలో ఈ దినం అని, ఫలానా గాయకుడు పుట్టినాడు, ఫలానా రికార్డు బయటికొచ్చింది అని, అన్నీ చెప్తారు గానీ నా పేరు మాత్రం చెప్పరు. తెలీక కాదు, ఓర్వలేక. ఈ సీమలో పాటకు ఏ మంచి జరిగినా అక్టోబర్ పదకొండునే జరిగింది, నా మైకులోనే జరిగింది. తొంభై ఒకటిలో హిందూపురంలో బెంగుళూరోళ్ళ ఆర్కెస్ట్రా పెట్టినారు. పాడే పిల్ల ఇట్ల నోరు తెరిచింది, అట్ల కరెంటు పోయింది. నేను లారీ బ్యాటరీ ఊడబెరికి తగిలిస్తి. మైకు పలికింది. అంతవరకే అయితే ఎవురైనా చేస్తారు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఆ పిల్లకు గొంతు పట్టేసింది. జనం రాళ్ళు తీసుకున్నారు. అప్పుడు నా మైకు, ఎవురూ ముందర లేకుండా, రెండో చరణం అదే పాడింది."

"మైకు పాడిందా?" అన్నాడు శంకరప్ప.

"పదేళ్ళ నుంచి వింటాండె కదప్పా. నేర్చుకోదా?"

ఎవురో రోంత నవ్వినారు. లోపల సీతమ్మ దగ్గింది. నరసింహయ్య లేచి నిలబడి, దగ్గు ఆగినాక మళ్ళీ కూర్చున్నాడు. యల్లప్ప గొంతు పెంచినాడు.

"అది వదిలేయండి. తొంభై ఐదులో, ఇదే తేదీ, ఈ పెనుకొండ కొండ మీద మైకు కట్టినా. గాలి ఉత్తరానికి తిరిగింది. పాట ధర్మవరం దాకా పోయింది, ఆడ మగ్గాలన్నీ నా దరువుకు ఆడినాయి. ఆ దినం నేసిన పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురు ఈ పొద్దుకీ తాళం తప్పి నడవలేదు, కావాలంటే చూసుకోండి."

"నేను ఆ ఏడు మగ్గం గుంతలోనే ఉంటిని. నాకేమీ వినపడలేదే," అన్నాడు శంకరప్ప.

"నీ చెవులు మగ్గం చప్పుడుకు పోయినాయి, దానికి నేనేం చేసేది? గాలి ఆడ నిలవలేదు, తూర్పుకు తిరిగి మద్రాసుకు పోయింది. ఆడ ఒక పెద్ద మ్యూజిక్ డైరెక్టరు కిటికీ తీసుకొని పండుకోనుండె. విన్నాడు, లేచినాడు, రాసుకున్నాడు. మరుసటేడు దేశమంతా పాడింది ఆ బాణీనే. పేరు చెప్పను, కేసు వేస్తాడు. ఇదీ చిన్నదే. తొంభై ఎనిమిది, అక్టోబర్ పదకొండు, ఓబులదేవరచెరువు. చావింట్లో మైకు. ఇట్లనే అరుగు మీద కూర్చోనుంటి. లోపల ఏడుపు లేచింది. బటన్ నొక్కినా. నొక్కినానో లేదో, పీనుగ లేచి కూర్చున్నాడు. నా కళ్ళతో చూసినా. కూర్చొని, ఏమప్పా ఈ ముసలోళ్ళ పాట, క్యాసెట్టు మార్చు అన్నాడు. మారిస్తి. ఒక పక్క అంతా తొడ మీద తాళం వేసుకుంటా విన్నాడు, తిప్పెయ్ అన్నాడు, రెండో పక్కా విన్నాడు, చాలప్పా అని నాకు దండం పెట్టి, తనే దుప్పటి కప్పుకొని పోయినాడు. బొంబాయి క్యాసెట్ కంపెనీ వాళ్ళు మూడు కార్లు వేసుకొని వచ్చి, పీనుగను లేపే ఈ మైకు మాకియ్యి అని కాళ్ళు పట్టుకున్నారు. ఇయ్యలేదు. అందరు గాయకులూ ఒక ఎత్తు, నా..."

అప్పుడే అమరాపురం బస్సు దిగి సీతమ్మ చెల్లెలు నరసమ్మ గబగబా లోపలికి పోయింది. ఆ వెంటనే మంచం కాడ నుంచి పెద్దగా ఏడుపు. యల్లప్ప చేయి మిషను మీదికి పోయింది.

నరసింహయ్య పెండ్లాం భారతి గడప దాటి వచ్చి ప్లగ్గు పెరికేసింది. ఆమె ఏనాడూ మగోళ్ళు కూర్చున్న అరుగు మీదికి వచ్చిన మనిషి కాదు.

"నొక్కద్దన్నా. పిన్నత్త ఇప్పుడే వచ్చింది. అక్క చిక్కిపోయిందని ఏడుస్తాండాది. అత్త ఇంకా ఉండాది."

యల్లప్ప చేయి తీసుకున్నాడు. భారతి అట్లనే నిలబడింది.

"ఓబులదేవరచెరువులో ఆ ఇల్లు మాది. ఆయన మా నాయన."

"లేచి కూర్చున్నాడు కదమ్మా," అన్నాడు యల్లప్ప, మెల్లగా.

"నువ్వు లోపలికి యాడ వచ్చినావన్నా? అరుగు మీదనే ఉంటివి. ఆ దినమూ ఇదే. మా మేనత్త బస్సు దిగి వచ్చి, నాయన్ను చూసి ఏడ్చింది. నువ్వు పాట పెట్టినావు. నాయనకు లేచే బలం యాడిది? కండ్లు తెరిచి, ఎవురికమ్మా పాట అని అడిగినాడు. పక్కింటోళ్ళకు నాయనా అంటి. పక్కిల్లు ఖాళీగా ఉందని ఆయనకు తెలుసు. గోడ తట్టు తిరిగి పండుకున్నాడు. రెండు దినాలు ఉన్నాడు, మాలో ఎవురితోనూ మాట్లాడలేదు. నీళ్ళు కూడా అడగలేదు."

భారతి మంచం తట్టు ఒకసారి తిరిగి చూసింది.

"అత్తకు చెవులు బాగుండాయి," అంది భారతి. "మైకు కడతాండేటప్పటి నుంచి అడుగుతానే ఉండాది, మిద్దె మీద ఎవురే అని."

నరసింహయ్య భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "విప్పేయప్పా," అన్నాడు.

"మరి జరగాల్సింది జరిగినప్పుడు నలుగురికీ తెలిసేదెట్ల, సామీ?"

"నేను పోయి ఇంటింటికీ చెప్పుకుంటా. విప్పేయి."

యల్లప్ప చెప్పులు వదిలి, చప్పుడు కాకుండా నిచ్చెన ఎక్కినాడు. శంకరప్ప కింద నిచ్చెన పట్టుకున్నాడు. మైకు గోడకు రాసుకొని కొంచెం మోగింది. లోపల సీతమ్మ గొంతు సన్నగా వినపడింది, ఎవురే మిద్దె మీద అని.

భారతి అప్పటికే మంచం కాడికి పోయింది.

"ఎవురూ లేరత్తా," అంది. "దిగి పోతాండారు."