కూర్చోమని ఎవరూ అనలేదు

కోర్టు విచారణలను జనం ఇంటి నుంచే చూసే ఏర్పాటు ఉంచాలో తీసేయాలో తేల్చడానికి వచ్చిన అధికారి, ఓ కొత్త లాయరమ్మ తల్లి ముందు కూర్చున్నాడు.

"ఇంట్లో చూస్తే కోర్టంటే లెక్కలేకుండా పోతుందని మా పెద్దల భయం, పెద్దమ్మా."

"అదేం మాట బాబూ! ఫోన్‌లో జడ్జిగారు రాగానే లేచి నిలబడ్డాను. పొయ్యి మీద పాలన్నీ పొంగిపోయాయి."

"మళ్ళీ ఎప్పుడు కూర్చున్నారు?"

"ఆయన లేచి వెళ్ళాక."

"అయ్యో! అక్కడ జడ్జిగారు కూర్చోగానే చూసేవాళ్ళంతా కూర్చుంటారండీ."

"నాకేం తెలుసు? ఫోన్‌లో ఆయనా, మా అమ్మాయే కనిపించారు. అది నిలబడే ఉందిగా!"

అధికారికి నవ్వాగలేదు.

"మోకాళ్ళ నొప్పులతో కోర్టు మెట్లెక్కలేకే కదా మీరు ఫోన్‌లో చూసింది?"

"అవును బాబూ. కూతురు మొదటిసారి వాదిస్తుంటే మోకాళ్ళెవరికి గుర్తొస్తాయి?"