యాపిల్ పై కోసం ఆగిన గూడ్సు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే: ఒకప్పటి గూడ్సు డ్రైవరు తాతయ్య, ఆయన ఒళ్ళో పిల్లి, నోటుపుస్తకంతో మనవరాలు. నాయనమ్మ చర్చిలో బొంతలు కుట్టడానికి వెళ్ళింది. అయోవా మొక్కజొన్న పొలాల మధ్య ఎప్పుడో మూతపడిన తమ ఊరి గూడ్సు లైను చరిత్రను మనవరాలు మూడు గంటలకు బడిలో చదవాలి. నలుగురిలో మాట్లాడబోతే ఆమె తడబడుతుంది.

“తాతయ్యా, లైను ఎందుకు మూతపడిందని రాయాలి? లారీలొచ్చాయనా?”

“నా వల్లనే అని రాయి.”

“నిజం చెప్పు!”

“ఇరవై మైళ్ళ లైను, ఒకటే ఇంజను, దానికి నాలాంటి తిండిపోతు డ్రైవరు. రైలు గేటు దగ్గర ఇంట్లో ఒకావిడ యాపిల్ పై చేసేది, పిండి రొట్టెలో యాపిల్ ముక్కలు కూరి కాల్చే తీపి వంటకం. రోజూ బండి ఆపి తినేవాణ్ణి. దాణా మిల్లువాళ్ళు చూసి చూసి లారీలు పెట్టుకున్నారు.”

“బండి మొత్తం ఆపేసేవాడివా?”

“ఎనిమిది పెట్టెల మొక్కజొన్న ఎండలో నిలబడి ఉంటే, నేను రెండో ముక్క అడిగేవాణ్ణి.”

“ఎవరావిడ?”

“మీ నాయనమ్మే.”

“అమ్మో, ఇది నేను చదవలేను! నువ్వే వచ్చి చెప్పు.”

“ఊరంతా నవ్వుతుందే పిల్లా.”

“నేను నోరు తెరిచినా నవ్వుతారు. ఇద్దరం కలిసే నవ్వించుకుందాం.”

తాతయ్య పిల్లిని కిందికి దించి, మనవరాలిని గది బయటికి నెట్టాడు.

“నడు, చొక్కా మార్చుకోవాలి,” అంటూ మొహం మీదే తలుపు వేసేశాడు.