ఉప్పటి పేజీలు

వేలు నాలుకకి అద్దుకుని పేజీలు తిప్పేవాళ్లంటే ఆ పదో తరగతి పిల్లకి ఎప్పుడూ చిరాకే. ఇవాళ మాత్రం భయం. చెప్పకుండా తీసుకెళ్లిన పుస్తకాన్ని సోమవారం కిటికీ కింది అరలో పెట్టేసినప్పుడు కూడా ఇంత భయం లేదు. లైబ్రరీ అటెండరు ఆ పుస్తకాన్నే తిరగేస్తున్నాడు.

“ఇది చదివావా అమ్మా?”

“చివరి ఇరవై పేజీలు మిగిలాయి అంకుల్.”

“ఇంకేం చదువుతావు, తడిసి అట్టలా అయిపోతే! పడేయమన్నారు లైబ్రేరియన్ మేడమ్ గారు. నన్ను కూడా రేపట్నుంచి రావద్దన్నారు.”

“మిమ్మల్నెందుకు?”

“మొన్నటి వానకి కిటికీ మూయలేదంట. మూశాననే గుర్తు. ఆవిడ అన్నిసార్లు అంటుంటే మూయలేదేమో అనిపిస్తోంది.”

“మూసే ఉంటారు అంకుల్.”

“మంచిపిల్లవి కాబట్టి అలా అంటావు. ఆదివారం సైకిళ్లేసుకుని పాలకాయతిప్ప వెళ్లారంటగా? మీ తమ్ముడు చెప్పాడులే.”

“వాడి నోట్లో నువ్వుగింజ నానదు.”

“సముద్రంలో దిగావా?”

“మోకాళ్ల దాకానే. పెద్ద అలొచ్చి సంచి తడిసిపోయింది.”

“అయ్యో! సంచిలో ఏమున్నాయి?”

“పులిహోర.”

ఆయన నవ్వి, వేలు తడి చేసుకుని ఇంకో పేజీ తిప్పాడు. మళ్లీ వేలు నాలుకకి అద్దుకుని ఆగిపోయాడు.

“ఇదేంటమ్మా, ఉప్పగా ఉంది?”

ఆమె మేడమ్ గారి గది వైపు చూసింది.

“నా చేతి చెమటేలే,” అన్నాడాయన.

ఆమె ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుంది. మేడమ్ గారి గదిలోకి వెళ్లి, ఆవిడ బల్ల మీద దాన్ని బోర్లించి దులిపింది. కుట్టులోంచి సన్నటి ఇసుక రాలింది.