జడ్జిగారు అడిగిన ప్రశ్న

కోర్టు వరండాలో తమ్ముడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. వాడి కూతుర్ని కారుతో గుద్ది చంపాడన్న మనిషిని జడ్జి అప్పుడే విడిచిపెట్టారు. అక్క వచ్చి పక్కన కూర్చుంది.

“ఆ ప్రశ్న నువ్వు నేర్పిందే కదక్కా?”

“ఏ ప్రశ్న?”

“తెలీనట్టు మాట్లాడకు. పాప సైకిల్‌కి అంటిన రంగు, వాడి కారు రంగు ఒకటేనని ల్యాబ్ ఆయన చెప్పాడు. మనకున్న సాక్ష్యం అదొక్కటే. ‘ఆ రంగు ఇంకెన్ని కార్లకుంది?’ అన్నారు జడ్జిగారు. ల్యాబ్ ఆయన నీళ్లు నమిలాడు.”

“అవున్రా. జడ్జీలకి ట్రైనింగిచ్చే క్లాసులో నేనే చెప్పాను.”

“ఎందుకు చెప్పావు?”

“ఆ రంగు కార్లు ఊళ్లో వేలున్నాయి. రంగొక్కటే చూసి మనిషిని జైల్లో పెట్టకూడదు.”

“అయితే వాడు కాదంటావా?”

“కాదన్లేదు. వాడేనని కూడా చెప్పలేను.”

“పాపకి మేనత్తవి. కోర్టులో వద్దు, ఇక్కడ నా ఒక్కడితో ‘వాడే’ అను. అబద్ధమైనా సరే.”

అక్క తల అడ్డంగా ఊపింది.

“సరేలే. రేపు క్లాసుందా?”

“ఉంది.”

“ఆ ప్రశ్న మళ్లీ చెప్తావా?”

“చెప్పాలిరా.”

“క్లాసుకి ముందురోజు మా ఇంటికొచ్చి పాఠం అప్పజెప్పుకునేదానివి. పాప నల్ల దుప్పటి కప్పుకుని జడ్జిలా కూర్చునేది. ఆ ప్రశ్న అడగడమంటే దానికెంత సరదానో!”

“గుర్తుందిరా.”

“ఇవాళ ఎవరికి అప్పజెప్తావక్కా?”

“ఎవరున్నార్రా?”