మిగిల్చిన ఒక్క లైను

వంటింట్లో అక్క గిన్నెలు సర్దుతోంది. ఆఫీసు నుంచి వచ్చిన తమ్ముడు రెండోసారి వడ్డించుకుంటున్నాడు.

"ఇవాళ ఆకలి బాగానే ఉందే. ఏమిట్రా విశేషం?"

"ఇన్నేళ్లూ నేను రాసిన కంప్యూటర్ కోడంతా మా టీములో కొత్తమ్మాయి తీసిపారేసిందక్కా."

"దానికి సంబరమా? నువ్వు ఊరుకున్నావా?"

"ఎందుకూరుకుంటాను? నేను సరేనంటేనే అది అమల్లోకొస్తుంది. తప్పు పట్టాలని తను రాసింది పొద్దున్నే పట్టుదలగా చూడ్డం మొదలెట్టాను. మధ్యాహ్నానికి పాఠం చదువుకుంటున్నట్టు కూర్చున్నాను. నేను కొండంత రాసినచోట తను గుప్పెడు రాసింది. అదే ఎక్కువ వేగంగా పనిచేస్తోంది."

"నీది ఒక్క ముక్కైనా ఉంచలేదా?"

"ఒక్క లైను ఉంచింది. ఇదెందుకు ఉంచావమ్మా అని మీటింగులో అడిగాను. 'జనం ఒక్కసారిగా మన సైటు మీద పడితే అంతా కూలిపోకుండా కాసేది ఇదే సార్. మీరు ఎంత ముందుచూపుతో పెట్టారో' అంది, అందరి ముందూ."

"మా తమ్ముడంటే ఏమనుకున్నారు మరి."

"ముందుచూపూ లేదు, పాడూ లేదక్కా. అప్పట్లో ఏం చేసినా పనిచేయక, గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏదో పెట్టాను. అది ఎందుకు పనిచేసిందో నాకు ఇవాళే తెలిసింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ తలూపేశాను. రేపు వెళ్లగానే చెప్పేయాలి."

"చెప్పకపోతే ఏం మునిగిపోతుంది? మంచిపేరేగా వచ్చింది."

"అక్కర్లేనిది ఒక్కటీ మిగల్చలేదు ఆ పిల్ల. లేని నా గొప్ప మాత్రం అందులో ఎందుకుండాలి?"