ఎర్ర రిబ్బను మూత

హలో… ఆ, నేనే చిట్టీ. బావని… వినపడుతోందా? ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది, కొంచెం గట్టిగా మాట్లాడు…

ఆ, పొద్దున్నే చేరాను. కాలేజీ మైదానం, ఊరికి దూరంగా. గ్రహణం చూడ్డానికి జనం బాగానే వచ్చారు. ఎవరి కెమెరా వాళ్లది, ఎవరి హడావుడి వాళ్లది…

నా సంగతి తర్వాత. అక్క ఎలా ఉంది?

ఊఁ…

ఊఁ… రాత్రి నుంచీనా? మరి నీళ్లు?… చెంచాతో పోసినా మింగట్లేదా…

నర్సమ్మ ఏమంది?… చిట్టీ, దాచకు. నా దగ్గర దాచి ఎవరికి చెప్తావు?

…

ఈ రోజేనా.

ఈ రోజే అందా.

లేదు, లేదు, ఉన్నాను. ఫోన్లోనే ఉన్నాను… ఆ, కూర్చున్నాలే. కుర్చీ ఉందిగా. రెండున్నాయి…

బయల్దేరితేనా? బస్సు సాయంత్రం గానీ లేదు. ఎంత తన్నుకున్నా రేపటికి… లెక్క వేశానే. నువ్వు చెప్తుండగానే మనసులో వేసేశాను. అందను చిట్టీ. నేను అందను.

అసలు నన్నెందుకు పంపించిందే మీ అక్క? నువ్వూ ఉన్నావుగా అప్పుడు. నేను వెళ్లనంటే వెళ్లనని భీష్మించుకుని కూర్చున్నానా లేదా? మంచం మీంచి లేవలేని మనిషి, నీ చేత నా సంచి సర్దించింది. 'నేను రాలేకపోతే ఫొటో కూడా రాకూడదా' అంది. ఆ మాటకి ఏం జవాబు చెప్పను?… ఇద్దరికీ టికెట్లు కొన్న రోజున ఎంత సంబరపడిందో. కుర్చీలు కూడా తనే ఏరింది. నీలం రంగువి…

ఏడవకు. నువ్వు మొదలుపెడితే నేనూ మొదలుపెడతాను. ఇక్కడ అందరూ ఆకాశం కేసి చూస్తుంటే నేనొక్కణ్ణే నేల చూపులు చూస్తున్నాను.

ఏంటి? ఏమడిగింది?… 'మొదలైందా' అనా?… పొద్దున్నుంచీ ఆ ఒక్క మాటేనా?

దీని కోసమే ఆగి ఉందంటావా?

…

చిట్టీ, నువ్వెక్కడున్నావ్? గదిలోనేనా? బయటికి రా… తలుపు దగ్గరగా వేసి రా. వచ్చావా?

విను. ఇక్కడ మబ్బు పట్టేసింది.

ఆ, మబ్బు… పల్చటిది కాదే. బొంత కప్పినట్టు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కప్పేసింది. సూర్యుడు ఎటున్నాడో కూడా తెలీట్లేదు. పొద్దున శుభ్రంగా ఎండ కాసింది. గ్రహణం వేళకి ఎక్కణ్ణుంచి దాపురించిందో మరి… ఆ గోలంతా అదే. పక్కవాళ్లు తిట్టుకుంటున్నారు. ఒకావిడ అప్పుడే సామాను సర్దేస్తోంది.

లేదు. విడిపోయే సూచనలేవీ లేవు. ఇంకాసేపట్లో చీకటి పడుతుంది, అంతే. చీకటి తప్ప కనపడేదేమీ ఉండదు.

అక్కకి చెప్పకు… చెప్పొద్దంటున్నానా! మబ్బు పట్టిందని విని వెళ్లాలా మీ అక్క? ఇన్నాళ్లు ఎదురుచూసింది మబ్బు కోసమా?

నేను చెప్తాను. కనపడుతున్నట్టే చెప్తాను… ఎందుకు రాదు? ఇద్దరం కలిసి నాలుగు చూశాం. మొదట్నుంచి చివరిదాకా నాకు కంఠతా వచ్చు. మీకు అక్కడ పూర్తి గ్రహణం పట్టదు, ఇక్కడి మబ్బు సంగతి తనకి తెలిసే దారి లేదు…

అబద్ధమే. నేను కాదన్నానా? పెళ్లయిన ఇన్నేళ్లలో మీ అక్క దగ్గర అబద్ధమాడి ఒక్కసారి నెగ్గలేదు. ఈ ఒక్కసారికీ నెగ్గనీ.

ఇంకో సంగతి. నువ్వు తన పెదాల దగ్గరే చెవి పెట్టి ఉండాలి. ఇవాళ తను అనాల్సినవి రెండే మాటలు. 'మూత తియ్', 'మూత వెయ్'… కెమెరా మూతే. నల్ల పొర అతికించిన అట్ట మూత. మీ అక్కే చేసింది. టక్కున లాగడానికి ఎర్ర రిబ్బను కుట్టింది. సూర్యుడు రవ్వంత కనపడుతున్నా మూత ఉండాలి. పూర్తిగా మూసుకుపోయే క్షణంలో తీసెయ్యాలి. మళ్లీ అంచు బయటపడగానే వేసెయ్యాలి…

నాకు తెలీక కాదే. ఆ చీకట్లో నిలబడితే మతి పోతుంది. మొదటిసారి తియ్యడం మర్చిపోయాను, ఒక్క ఫొటో రాలేదు, అన్నీ నలుపే. రెండోసారి వెయ్యడం మర్చిపోయాను. కెమెరా లోపల కాలిపోయి కమురు వాసన వచ్చింది. అప్పట్నుంచి ఆ రెండు మాటలూ మీ అక్క డ్యూటీ. డ్రైవింగ్ స్కూల్లో రోజంతా 'బ్రేకు తొక్కు, బ్రేకు తొక్కు' అని నేను జనం మీద అరుస్తానా… నా బ్రేకు మాత్రం మీ అక్క కాలి కింద ఉంటుంది.

అనకపోతేనా?… అంటుంది. నువ్వలాంటి మాటలు మాట్లాడకు.

ఉండు, ఎవరో… ఏంటండీ?… లేదండీ, ఆ కుర్చీ ఖాళీ లేదు. మనిషి వస్తోంది. ఏమీ అనుకోకండి…

ఆ, చెప్పు. పక్క కెమెరా ఆయన, పెద్ద కళ్లజోడు. కూర్చోవచ్చా అని అడిగాడు… అవును, మనిషి వస్తోందన్నాను. మరేమనను?

సరే, లోపలికి వెళ్లు. ఫోను స్పీకర్లో పెట్టి తన చెవి దగ్గర ఉంచు… పెట్టావా?

…

ఏమోయ్.

నేనే… మొదలైంది. నీకు చెప్పకుండా ఎలా మొదలవుతుంది?

ఆకాశం కడిగి పెట్టినట్టుంది. వెతికినా మబ్బు లేదు. సగానికి పైగా తినేసింది. ఇప్పుడు నీకిష్టమైన కొడవలి… మెల్లిగా సన్నబడుతోంది. ఎండ కాస్తున్నా వెలుతురు చాలట్లేదు, ఎవరో దీపం తగ్గిస్తున్నట్టు. నీడలు చూడాలి నువ్వు. నా జుట్టు నీడలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఉన్నవే నాలుగు, పెద్ద కష్టం కాదు అంటావు…

చలి మొదలైంది. నువ్వు సంచిలో పెట్టించిన శాలువా కప్పుకున్నాను. అడగక ముందే చెప్తున్నాను, తిన్నాను కూడా…

చిట్టీ, వింటోందా?… వేలు కదిపిందా. ఆ.

ఇంకా కొంచెమే మిగిలిందోయ్. గోరంత… గోరంత కూడా కాదు, గీత. అవతల కొండలవైపు నుంచి చీకటి నడిచొస్తోంది. కుక్కలు… ఏంటి? పెదాలా? ఏమంటోంది చిట్టీ?

'చప్పుడేదీ' అందా.

…

చప్పుడు… అవును. కెమెరా చప్పుడు. ఈపాటికి ఆగకుండా కొడుతూ ఉండాలి కదూ. నీ చెవుల్ని దాటి ఏదీ పోదు… కాదోయ్, ఒక చేతిలో ఫోనుంది కదా, అందుకని… ఉండు, పక్కనే పెడతాను. ఇదిగో. ఇదిగో… వినపడుతోందా? ఇదిగో ఇంకోటి…

నవ్విందా? నిజంగానే నవ్విందా చిట్టీ?… నన్ను ఉత్సాహపరచడానికి చెప్పట్లేదు కదా?

ఇక నల్లటి గుండ్రం అంచున ఒక్క మెరుపు, ఉంగరం వస్తుందోయ్. మొదటిసారి చూసి ఏమన్నావు? 'ఇంత వజ్రపుటుంగరం ఇప్పించావు, పెట్టుకోవడానికి వేలెక్కణ్ణుంచి తేను' అన్నావు. ఆ ఉంగరమే. నీదే…

చెప్పు మరి. నువ్వు చెప్పందే నేను తియ్యను, నీకు తెలుసు. రిబ్బను చేతిలోనే ఉంది.

చెప్పవోయ్…

…

…

అందా? 'మూత తియ్' అందా? నాకూ వినపడింది చిట్టీ! నాకూ వినపడింది!

తీశాను. ఒక్క లాగు లాగాను. తీసేశాను… చీకటి! వచ్చేసింది, చీకటి వచ్చేసిందోయ్! ఇది మాత్రం నిజం, ఒట్టు…

అన్నీ నిజమే. అన్నీ. చుట్టూ తెల్లటి వెలుగు, తడి జుట్టు ఆరబెట్టుకున్నట్టుంది అన్నావే, అలాగే ఉంది. ఇవాళ ఇంకా పొడుగ్గా ఉంది. పక్కనే ఒక చుక్క. నేలంచున చుట్టూ నారింజ రంగు… తీస్తున్నాను, తీస్తున్నాను, చప్పుడు వింటున్నావుగా. ఒక్కటి కూడా పాడవ్వదు. ఇంటికొచ్చాక గోడ నిండా…

ఏంటి చిట్టీ?… మళ్లీ అను.

'జనం అరవట్లేదేం' అనా.

…

ఒక్క నిమిషమోయ్. గాలికి వినపడటం లేదేమో… ఒక్క నిమిషం.

కళ్లజోడు సార్! సార్, ఇటొకసారి… ఫోను మూసి పట్టుకున్నాను, తొందరగా వినండి. అవతల మా ఆవిడ. ఇంక ఎంతోసేపు లేదు సార్. మబ్బని చెప్పలేదు నేను. అంతా కనపడుతోందని చెప్పాను. ఒక్కసారి అరవండి. నిజంగా కనపడితే ఎలా అరుస్తారో అలా… మీరు కూడా అమ్మా. బాబూ, మీ వాళ్లని కూడా పిలవండి. మీకు పుణ్యముంటుంది, ఒక్కసారి… నవ్వులాట కాదండీ, నా మొహం చూడండి…

…

విన్నావా! విన్నావా, ఎంత గోలో! ఇందాక అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారోయ్, ఇప్పుడు తేరుకున్నారు! చప్పట్లు కూడా… ఎవరో ఈల వేస్తున్నారు! సామాను సర్దుకున్నావిడ కూడా ఎగురుతోంది! ఫోను ఎత్తి పట్టుకుంటాను, విను…

విన్నావా?…

ఏడవట్లేదోయ్. అరిచి అరిచి గొంతు పోయింది… సరే, ఏడుస్తున్నాను. చాలా బాగుంది. నువ్వు పక్కన లేకపోతే ఏమీ బాలేదు. నీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. నువ్వు లేకుండా ఫొటో తియ్యడం నాకు చేతకాదు, ఇంటికి రావడం కూడా చేతకాదు. అది చెప్దామనే… ఎప్పుడో చెప్పాల్సింది.

…

పడమటి వైపు తెల్లబడుతోందోయ్. అయిపోవస్తోంది. రెండో ఉంగరం వచ్చేస్తుంది. చెప్పు, రెండో మాట. మళ్లీ కెమెరా కాల్చుకుంటాను, నా సంగతి నీకు తెలుసుగా…

చెప్పు…

చిట్టీ, ఏమైనా అందా? సరిగ్గా విను. పెదాల దగ్గర… మెల్లిగానైనా సరే. 'మూత వెయ్' అనమను.

…

వేలు?… చెయ్యి పట్టుకుని చూడు.

ముక్కు దగ్గర చెయ్యి పెట్టు. ఇంకొంచెం సేపు పెట్టు… అరవకు. అరవకే తల్లీ. చూసి చెప్పు…

…

…

ఎప్పుడు?

అందరూ చప్పట్లు కొడుతున్నప్పుడా… మరి వింది కదా? అరవడం వింది కదా?… నవ్వు మొహంతోనేనా…

…ఆఁ.

…ఆఁ. ఉన్నాను.

మబ్బు విడిపోతోంది చిట్టీ. ఇప్పుడు. దిక్కుమాలిన మబ్బు, ఇప్పుడు విడిపోతోంది. కుర్చీ మీద ఎండ పడింది. తన కుర్చీ మీద…

ఫోను తియ్యకు. తన చెవి దగ్గరే ఉంచు. నే చెప్తున్నాను, ఉంచు.

ఏంటి సార్?… చూశాను. మూత నా చేతిలోనే ఉంది… తెలుసు సార్, కాలిపోతుంది. వాసన నాకూ తెలుస్తోంది… వద్దు, వద్దు, మీరు ముట్టుకోకండి.

మా ఆవిడ ఇంకా చెప్పలేదు.