పేరు మార్పు ఫారం, ఐదోసారి

అత్త నిలబడి ఆసుపత్రి తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తోంది. పక్కన స్టూలు మీద కూర్చున్న కోడలి చేతిలో కలం, ఒళ్ళో బ్యాంకు ఫారం.

“మళ్ళీ పేరు మార్పా అత్తయ్యా? ఈ ఏడాది ఇది ఐదోసారి!”

“ఐదైతేనేం? కాగితం బ్యాంకువాళ్ళది, కలం మనది. రాయమ్మాయ్.”

“ఆ కౌంటర్లో నవ్వుకుంటారండీ. మీ మనవరాలి కాలేజీ కోసం తెరిచిన ఖాతా అది. దాన్ని మా మరిది కొడుకు పేరుకి మార్చారు. మళ్ళీ మనవరాలి పేరుకి. తర్వాత మా ఆడపడుచు కూతురు. మళ్ళీ మనవరాలు. ఎవరు ఎదురు మాట్లాడితే వాళ్ళ పేరు కొట్టేయడమేనా?”

“నీ మరిది కొడుకు ఏమడిగాడో తెలుసా? బండి కొనమన్నాడు. కాలేజీకి వెళ్ళడానికేనట! బండి చదువులోకి వస్తుందా?”

“రాదు. ఫీజు, పుస్తకాలు, హాస్టలు. వాటికైతేనే పన్నుండదు. వేరే దేనికి తీసినా లాభం మీద పన్ను, పైన జరిమానా.”

“చూశావా, అంతా నీకే తెలుసు.”

“మీ మనవరాలి పేరే ఉంచండి. ఎప్పటికైనా మనసు మారుతుంది.”

“దానికా? జనానికి కారు నేర్పుకుంటూ హాయిగా ఉంది. కాలేజీ ఊసెత్తకు నానమ్మా అని నిన్న కూడా చెప్పింది.”

“అయితే డబ్బు తీసేసుకోండి.”

“పద్దెనిమిదేళ్ళు కోట్లు రుద్ది దాచింది పన్నువాళ్ళ కోసమా? ఇంట్లోవాళ్ళు ఎవరు చదివినా సరేనని బ్యాంకువాళ్ళన్నారుగా. రాయి. పేరు ఆఖర్న చెప్తా.”

“చుట్టరికం?”

“అదీ ఆఖర్నే.”

“సరే. విద్యార్థి వయసు?”

“నలభై ఒకటి.”

“న... నలభై ఒకటా? ఆడపడుచుకి నలభై ఆరు కదండీ?”

“దానికెన్నైనా ఉండనీ. రాశావా?”

“రాశాను. కోర్సు?”

“నర్సింగు.”

“నర్సింగా!”

“ఏం, కలం ఆగింది?”

“సిరా సరిగ్గా రావట్లేదు.”

“విదిలించు. సాయంత్రం క్లాసులు. ఫీజుకి ఎల్లుండి ఆఖరు. ఈ ఫారం ఇవాళ నాలుగింటిలోపు బ్యాంకులో పడకపోతే సీటు పోతుంది.”

“ఇవన్నీ... ఇవన్నీ మీకెవరు చెప్పారు?”

“పిండి డబ్బా కింద కవరు.”

“అదా! అది కరెంటు బిల్లండీ.”

“‘మీకు సీటు కేటాయించడమైనది’ అని కరెంటు బిల్లులో రాస్తారా?”

“అయ్యో! మీ అబ్బాయి చదివారా? ఆయనకి తెలిసిపోయిందా?”

“వాడు ఆ డబ్బా మూత తీసిన పాపాన పోయాడా, కింద చూడ్డానికి?”

“మరెవరు చదివిపెట్టారు?”

“మాట్లాడించకు, కాలరు మాడుతుంది.”

“అత్తయ్యా! మీకు చదవడం రాదు కదా! రాదనే కదా అక్కడ పెట్టాను!”

“నిరుడు రాదు. నీ కూతురు కారెక్కించుకుని తిప్పింది. ఎర్రలైటు పడ్డప్పుడల్లా ఒక బోర్డు చదివించింది. ఎర్రలైట్లకి కొదవా? నేను మొట్టమొదట సొంతంగా చదివింది ‘ఇచ్చట వాహనములు నిలపరాదు’. నిలిపినవాడితో దిగి పోట్లాడి వచ్చాను కూడా.”

“మీరిద్దరూ ఒక్క ముక్క చెప్పలేదే!”

“నువ్వు చెప్పావా, దరఖాస్తు పెట్టానని? ఏడాది మొదట్లో ఆ కాగితమూ డబ్బా కిందే చదివా.”

“పెళ్ళని కాలేజీ రెండో ఏడులో మానేసినదాన్ని. ఇప్పుడు చదువంటే నవ్వుతారనుకున్నా. పైగా అది నా కూతురి కోసం దాచిన డబ్బు. నేనెలా అడుగుతాను? రేపు వెళ్ళి సీటు వద్దని రాసిచ్చేద్దామనుకున్నా.”

“రాసిచ్చి చూడు, ఈ ఇస్త్రీపెట్టెతో వాత పెడతా. ముందు అక్కడ పేరు రాయి. నీదే. చుట్టరికం దగ్గర కోడలని రాయి.”

“అక్షరాలు వంకర పోతున్నాయండీ.”

“మొదటిసారికంటే నయమే. నమ్మకపోతే ఈ ఇస్త్రీ దుప్పటి ఎత్తి పోల్చుకో.”

“దుప్పటి కిందా? ఇదేంటి... ఇవి నేను రాసిన ఫారాలు! నాలుగూ ఇక్కడే ఉన్నాయి! మీరసలు బ్యాంకుకే వెళ్ళలేదా? మరి ఇన్నిసార్లు నాచేత ఎందుకు రాయించారు?”

“కలం పట్టి ఇరవై ఏళ్ళయింది కదే. పరీక్షలకల్లా చెయ్యి తిరగొద్దూ?”